తువ్వాల కింద గణితం

2017 ఏప్రిల్ తొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం చింతచిగురు పప్పు, వడియాలు తిన్నాం. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి వంట నాదే. ఆ రోజు పప్పు అడుగంటలేదు. ఇలాంటి చిన్న చిన్న అదృష్టాలను నేను గుర్తుపెట్టుకుంటాను. రెండోసారి అన్నం కలుపుకుంటూ మా అమ్మాయి సుశీల, గణితంలో పీహెచ్‌డీకి తనకు సీటు వచ్చిందనీ, చేరేదీ లేనిదీ వచ్చే ఆదివారంలోగా తెలియజేయాలనీ చెప్పింది.

"నువ్వేమంటవు నాన్నా?" అని అడిగింది.

ఆలోచించి చెబుతానన్నాను. ఇది పూర్తిగా మా ఇంటి విషయం కనుక, సాయంత్రానికల్లా మా ఊరు కోంటాలోని వ్యాపారుల సంఘం దాన్ని స్వాధీనం చేసుకుంది.

సంఘానికి ఆ హక్కు లేదని నేను అనను. సుశీల ఇక్కడి కాలేజీలో అతిథి అధ్యాపకురాలు. గణిత శాఖ అంటే ఆమే. శాఖాధిపతి, సిబ్బంది, నల్లబల్ల తుడిచే మనిషి కూడా ఆమే. ఏటా వేసవిలో ఆమెను తీసేసి వానలు పడ్డాక మళ్లీ ఆహ్వానిస్తారు. అతిథిని అంతకంటే బాగా ఎవరు చూసుకుంటారు? సాయంత్రాలు సంఘ సభ్యుల పిల్లలంతా మా వరండాలోనే లెక్కలు నేర్చుకుంటారు. అలాంటి అమ్మాయి పైచదువులకు వెళ్లాలని ఊరంతా మనస్ఫూర్తిగా కోరుకుంది. ఊరు దాటకుండా వెళితే మరీ మంచిదనుకుంది.

సభ ధర్మయ్య చింతపండు గోదాంలో జరిగింది. ధర్మయ్య సంఘానికి అధ్యక్షుడు. దక్షిణ బస్తర్ చింతపండులో మంచి భాగం ఆయన చేతుల మీదుగానే బయటి లోకానికి పులుపు అందిస్తుంది.

"సోదర సోదరీమణులారా!" అని ఆయన ప్రారంభించాడు. సోదరీమణి సుశీల ఒక్కతే. "ఈ కోంటా గడ్డ మీద పుట్టిన ఆడబిడ్డ గణిత శాస్త్రానికే వన్నె తేబోతున్నది. ఆ శాస్త్రానికి మన సంఘం పూర్తి మద్దతు ప్రకటిస్తున్నది!"

అందరూ చప్పట్లు కొట్టారు. మద్దతు లేక ఇన్నాళ్లూ గణిత శాస్త్రం ఎంత ఇబ్బంది పడిందో పాపం.

బట్టల కొట్టు శ్రీరంగం లేచాడు. లేచేముందు పంకాను సుశీల వైపు తిప్పాడు. మంచి మనిషి.

"లెక్కలు ఇంకా మిగిలినయా బిడ్డా? మావోనికి పదో తరగతిలనే ఖతమైనయట."

"చానా మిగిలినయి బాబాయ్. ఇప్పటిదాంక ఎవరూ తేల్చనివి ఉన్నయి. అందుల ఒకటి తేల్చాలె."

"ఎన్నేండ్లు పడతది?"

"ఐదేండ్లు. అప్పటికీ తేలకపోవచ్చు."

తేలని లెక్క ముందు కూర్చున్నప్పుడు మా అమ్మాయి ముఖంలో ఉండే వెలుగు నేను ఎన్నోసార్లు చూశాను. దాని గురించి సభలో చెప్పాలనుకున్నాను కానీ, అది అజెండాలో లేదు.

"సరుకు చూపియ్యకుంట ఐదేండ్లా?" అన్నాడు ధర్మయ్య. "ఏందిది? ఇదెక్కడి ధంధా? చెప్పిన రేటుకు నువ్వు సరే అని వచ్చినవా తల్లీ? ఎవరన్న బేరం చేస్తరా లేదా?"

అప్పుడు సంఘానికి సమస్య అర్థమైంది. అమ్మాయి చదవాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. పీహెచ్‌డీని ఇంతవరకూ ఎవరూ బేరమాడలేదు.

మా అంగట్లో బేరం నోటితో జరగదు. ఇద్దరు వ్యాపారులు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. లోపల వేళ్లు నొక్కి రేటు చెప్పుకుంటారు. పైన ముఖాలు మాత్రం వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంటాయి. చుట్టూ ఎంతమంది నిలబడినా రేటు తెలియదు. అమ్మడానికి గంప మోసుకొచ్చిన మనిషికి అసలే తెలియదు. ఎంతో నాగరికమైన పద్ధతి.

సుశీలకు గైడుగా ఉండబోయే ఆచార్యులవారు ఆ వారమే ఏదో సదస్సుకు జగదల్‌పూర్ వచ్చారు. సంఘం బొలేరో మాట్లాడింది. సుశీలకు ఆ రోజు పరీక్షల డ్యూటీ పడింది. బేరంలో సరుకు పక్కన ఉండనక్కర్లేదని ధర్మయ్య ధైర్యం చెప్పాడు. తండ్రిని కనుక నన్ను తీసుకెళ్లారు. దారిలో తోంగ్‌పాల్‌లో ఆగి వేడివేడి భజియాలు తిన్నాం.

ఆచార్యులవారు అతిథి గృహం వరండాలో దర్శనమిచ్చారు. ధర్మయ్య నమస్కరించి, "సర్‌జీ, లాస్ట్ రేట్ బోలియే" అని ఆఖరి రేటు అడిగాడు.

ఆచార్యులవారు నొచ్చుకున్నారు. జ్ఞానం అంగడి సరుకు కాదని హిందీలో సెలవిచ్చారు. గణితం పరమ సత్యమనీ, సత్యానికి తగ్గింపు ధరలుండవనీ కళ్లు మూసుకుని చెప్పారు. మా కళ్లు చెమ్మగిల్లాయి. ఈలోగా ధర్మయ్య ఆయన చేతిమీద తువ్వాల కప్పాడు.

ప్రసంగం ఆగలేదు. సత్యం తరవాత సౌందర్యం వచ్చింది, సౌందర్యం తరవాత ప్రాచీన భారతదేశం వచ్చింది. తువ్వాల మాత్రం సంచిలో పిల్లిలా కదులుతూనే ఉంది. ఆచార్యులవారి తాతగారికి ధాన్యం మండీలో అడతి వ్యాపారం ఉండేదని తరవాత తెలిసింది. విద్య ఊరికే పోదు.

తిరుగు ప్రయాణంలో ధర్మయ్య షరతులు వినిపించాడు. ఐదేళ్లు మూడుకు దిగాయి. సుశీల కోంటాలోనే ఉండవచ్చు. ఏడాదికోసారి వెళ్లి కనిపిస్తే చాలు. ఎవరూ తేల్చనిది తేల్చనక్కర్లేదు. తేలినవాటిలోనే కాస్త పాతబడినదాన్ని చూసి ఇస్తారు. ఆమె ఏమి రాసినా పైన ఆచార్యులవారి పేరు, మధ్యలో వారి అబ్బాయి పేరు, కింద చోటుంటే ఆమె పేరు.

"అందరికీ గిట్టుబాటైంది" అన్నాడు ధర్మయ్య. నిజమే. కాలేజీకి అతిథి మిగిలింది, పిల్లలకు ట్యూషన్ మిగిలింది. గణితం ఒక్కటే మిగల్లేదు.

అదంతా ఇంటికొచ్చి సుశీలకు చెప్పాను. ఆమె విని, "నువ్వేమంటవు నాన్నా?" అని మళ్లీ అదే అడిగింది. ఆలోచిస్తున్నానన్నాను.

శనివారం సాయంత్రం ధర్మయ్య సన్మానపు శాలువాతో సహా వచ్చాడు. నా పక్కన కూర్చుని నా చేతిమీద తువ్వాల కప్పాడు.

"ఎండలు ముదిరినయి తమ్మీ" అన్నాడు. లోపల మూడు వేళ్లు నొక్కాడు.

మూడేళ్లు. అమ్మాయి ఇంట్లోనే. వండిన పప్పు తినడానికి ఇంకో మనిషి. నేను బీఏ చదివినవాడిని, సత్యం విలువ తెలిసినవాడిని. "అవును, ముదిరినయి" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మీరైతే వెంటనే తీసుకునేవారు. చదివేవాళ్లందరూ తీసుకుంటారు.

అప్పుడు సుశీల వచ్చి తువ్వాల ఎత్తేసింది. మా ఊళ్లో అలా ఎవరూ ఎత్తగా నేను చూడలేదు. కింద రెండు ముసలి చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని కనిపించాయి.

"ఇటియ్యి పెదనాయినా, నాతోని చెయ్యి బేరం" అంటూ ఆయన ఎదుట కూర్చుంది. తువ్వాల లేకుండానే ఆయన అరచేతిలో ఐదు వేళ్లూ పెట్టి నొక్కింది. ఆపైన ఇంకో రెండు.

"ఏడా?" ధర్మయ్య ఎండల సంగతి మరిచిపోయాడు.

"ఆ సార్ వద్దు. అదే డిపార్ట్‌మెంటుల ఒక మేడం ఉన్నది. నిన్న ఫోన్ చేసిన. ఏడేండ్లు పట్టొచ్చు, ఏమీ దొరకకపోవచ్చు అన్నది. వస్తున్నా అని చెప్పేసిన."

"తగ్గియ్యమని అడగలే?"

"అడగలే."

ధర్మయ్య గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అడిగినదానికంటే ఎక్కువిచ్చుడేంది బిడ్డా? అట్ల జేస్తే అంగడి చెడిపోతది" అన్నాడు. శాలువా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రే సంఘం సమావేశమై, లెక్కలు రాని పిల్లకు గణితంలో సీటెలా ఇచ్చారని విచారం వ్యక్తం చేసింది.

మేమిద్దరం చారన్నం తిన్నాం. ఈసారి ఆమె నన్నేమీ అడగలేదు. కంచాలు కడిగి తన గదిలోకి వెళ్లింది. ఆ తలుపును దఢాలున వేసే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. నేను దానికోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాను. నాకు నిద్ర పట్టిందనుకుందేమో, చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది.