మూడోసారి అడిగే అధికారి

నిప్పు కనిపెట్టాక మానవజాతి సాధించిన అసలైన ప్రగతి, వద్దన్నవాణ్ణి మళ్ళీ అడగడం. ఆ దశకింకా చేరుకోని దేశాలు భూమ్మీద కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి తమ కుళాయిల కంపెనీని కొనేసిందన్న సంగతి ఒక కొత్త పెళ్ళికూతురికి, జీవితంలోకెల్లా గొప్ప శుభవార్త విన్న నిమిషంలోనే తెలిసొచ్చింది.

ఆమె పని ప్రజాసంబంధాల విభాగంలో. వాళ్ళాయన పని అదే కంపెనీ ఫ్యాక్టరీలో, ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో. ఆదివారాలు మాత్రమే కాపురం. (మిగతా రోజుల్లో కాపురాన్ని ఫోన్లో చార్జింగు పెట్టి వాడుకునేవారు.)

"మీ ఆయన ఉన్న ఊళ్ళో మన విభాగంలో ఒక ఖాళీ వచ్చింది. వెళ్తారా?" అన్నాడు కొత్తగా దిగిన పరదేశపు మేనేజరు.

ఆమె గుండె గంతేసింది. ఒకే గుమ్మం ముందు రెండు జతల చెప్పులు కళ్ళకు కట్టాయి. నోరు మాత్రం పుట్టింటి పెంపకం ప్రకారం తన పని తాను చేసుకుపోయింది.

"అయ్యో, నాకోసం మీకెందుకండీ ఇంత శ్రమ!"

మేనేజరు తలూపి, కంప్యూటర్లో 'వద్దన్నారు' అని కొట్టి, టీకి వెళ్ళిపోయాడు. రెండోసారి అడుగుతాడేమోనని ఆమె అక్కడే నిలబడింది. ఆయన టీ తాగి వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నారేమిటని మాత్రం అడిగాడు.

"వద్దన్నావా!" అన్నాడు వాళ్ళాయన ఫోన్లో.

"వద్దనలేదండీ. ఎందుకండీ అన్నాను."

"ఆయనకా తేడా ఎలా తెలుస్తుందే?"

"మా ఇంటికొచ్చిన మొదటిసారి ఆకలే లేదన్నారు మీరు. తర్వాత గిన్నె అడుగు కనిపించేదాకా లాగించారు."

"మీ అమ్మ మూడుసార్లు అడిగింది గనక!"

"నేను చెప్పేదీ అదేగా!"

ఇలాంటి చిక్కులు విప్పడానికే కంపెనీలో సాంస్కృతిక అవగాహన అధికారి ఒకాయన ఉన్నారు. చిక్కులు విప్పాల్సి వస్తుందని మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు.

"ఒకసారి వద్దన్నాక మళ్ళీ అడగడం వాళ్ళ దేశంలో వేధింపమ్మా," అన్నారాయన.

"మరి మన దగ్గరండీ?"

"మళ్ళీ అడక్కపోవడం వేధింపు." ఆయన ఎంతో తృప్తిగా కళ్ళజోడు తుడుచుకున్నారు. "రెండూ నిజమే. నివేదిక రాసి పైకి పంపుతాను."

నివేదిక సముద్రం దాటేలోపు ఆ ఖాళీని ఇంకెవరైనా తన్నుకుపోతే? తనే వెళ్ళి నోరు తెరిచి అడిగేద్దామనుకుంది. ఆడవాళ్ళ బాత్రూంలో, సొంత కంపెనీ కుళాయి ముందు, అద్దంలో చూసుకుంటూ "నాకు కావాలి" అని సాధన చేసింది. నాలుగోసారికి కుళాయే సిగ్గుపడి ఆగిపోయింది. (మన కంపెనీ కుళాయిలు ఆగుతాయి. అందుకే ప్రజాసంబంధాల విభాగం ఉంది.)

"సార్, ఆ ఖాళీ ఎవరికైనా ఇచ్చేశారా?" అంది లోపలికెళ్ళి.

"ఇంకా లేదు."

"ఓహో. మంచిదండీ," అని బయటికొచ్చేసింది.

ఆ గది బయటి గోడమీదే 'మనసులో మాట సూటిగా చెప్పండి' అన్న పెద్ద పోస్టరుంది. రాసింది ఆమే. దానికి బహుమతి కూడా ఇచ్చారు, మూడుసార్లు బతిమాలితే తీసుకుంది.

గురువారం నాటికి ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది. వాళ్ళాయన ఆ పొద్దున ఒక ఫోటో పంపాడు. గోడకి కొత్తగా కొట్టిన రెండు మేకులు. ఒకదానికి ఆయన తువ్వాలుంది, రెండోది బోసిగా ఉంది. ఆ మేకుని చూస్తూనే ఆమె మేనేజరు గదిలోకి నడిచింది.

"సార్, నాకు ఆ ఉద్యోగం కావాలి. మా ఆయన దగ్గరికి వెళ్ళిపోవాలి."

ఆకాశం విరిగి మీద పడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంత తేలికా అని నవ్వొచ్చేసింది కూడా.

మేనేజరు లేచి నిలబడి, చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. "క్షమించాలి. మీ సంస్కృతిని అవమానించాను. నివేదిక చదివి మా పెద్దలు కంటతడి పెట్టారు. ఇవాళ్టి నుంచి 'మొహమాట గౌరవ విధానం' అమల్లోకి వచ్చింది."

"అంటే ఏంటండీ?"

"ఏదైనా మూడుసార్లు అడుగుతాం. మొదటి రెండుసార్లూ ఉద్యోగి వద్దనాలి. ముందే ఒప్పుకుంటే అది మా ఒత్తిడికి లొంగి ఒప్పుకున్నట్టు. చెల్లదు."

"కానీ నేనిప్పుడు కావాలంటున్నానండీ!"

"వినబడలేదు," అన్నాడాయన ఎంతో గౌరవంగా.

"పోనీ, మూడోసారి ఎప్పుడడుగుతారు?"

"దానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉండాలి. మన సాంస్కృతిక అధికారినే ఆ పదవి తీసుకుంటారా అని అడిగాం. ఆయన పద్ధతి ప్రకారం మొదటిసారి వద్దన్నారు." మేనేజరు కంప్యూటరు వైపు తిరిగాడు. "మిమ్మల్ని మాత్రం రెండోసారి రేపు పదింటికి అడుగుతాను. దయచేసి, మొన్నటిలా నసక్కుండా సూటిగా వద్దనండి."