అందరికీ ఒకే అచ్చు, అందరికీ ఒకే సెలవు

మనుషులందరినీ ఒకే అచ్చులో పోయాలి! నవ్వకండి. మా ఆఫీసు వెబ్‌సైట్ కోసం నలభై ఆరుగురు ఉద్యోగుల్ని అలా పోసినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. కంప్యూటర్ ప్రోగ్రాములో ఫంక్షన్ అని ఒకటి రాస్తాం. అది ఇటుకల అచ్చులాంటిది. పేరు, హోదా, కుర్చీ నంబరు అందిస్తే చాలు, ఒక ఉద్యోగి తయారు. వాణ్ణి ఆబ్జెక్ట్ అంటాం. కన్నవాళ్ళకి పాతికేళ్ళు పట్టే పని చిటికెలో అయిపోతుంది! పైగా వాడు ఎదురు చెప్పడు, ఏసీ తగ్గించమని గొడవపడడు. ఇంతకన్నా ఏం కావాలండీ?

కాకపోతే ఓ చిన్న పొరపాటు చేశాను. సెలవుల జాబితా ఎవరిది వాళ్ళకి ఇవ్వకుండా, అచ్చుకే తగిలించాను. దాంతో ఒకరు సెలవు పెడితే నలభై ఆరుగురూ పెట్టినట్టే.

పొరపాటన్నానా? నాలుక కరుచుకుంటున్నాను. అది వరం! రిసెప్షనిస్టు పంటినొప్పి డైరెక్టరు గారి దాకా పాకింది. డ్రైవరు బావమరిది పెళ్ళికి ఆఫీసు మొత్తం తరలివెళ్ళినట్టు నమోదైంది. ఇంతటి సమానత్వం ఏ విప్లవం తెచ్చింది? ఉమ్మడి కుటుంబాలు పోయాయని వాపోయేవాళ్ళు ఒకసారి మా సర్వర్ చూసి కళ్ళు తుడుచుకోవాలి.

మొన్న శుక్రవారం మూడింటికి మా అమ్మాయి స్కూల్లో నాటకం. దానిది తలుపు వేషం. మొత్తం మీద ఒకే ఒక్క మాట. వారం రోజులుగా ఇంట్లో ఆ మాట తప్ప మరోటి వినలేదు నేను. ఆ ఉదయమే వాచ్‌మన్ జ్వరమని సెలవు పెట్టాడు.

మధ్యాహ్నం మేనేజరు గారి గదికెళ్ళాను. “సార్, పాప నాటకం ఉంది. ఓ రెండు గంటలు పర్మిషన్ కావాలి.”

ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. “మీరివాళ సెలవులో ఉన్నారు కదండీ. సెలవులో ఉన్న మనిషికి మళ్ళీ పర్మిషనేంటి?”

“మీ ఎదురుగానే ఉన్నాను సార్.”

“అదే నేనూ అడుగుతున్నా. సెలవు పెట్టి ఆఫీసుకెందుకొచ్చారు?”

“అయితే వెళ్ళిపోనా సార్?”

“ఎలా వెళ్తారండీ? నాతో సహా అందరం సెలవులో ఉన్నాం. ఎవరో ఒకరు ఉండి ఇది బాగుచేయాలా వద్దా?”

బాగుచేయడానికి పది నిమిషాలు పట్టింది. బాగుచేయొచ్చని అనుమతి రావడానికి ఐదున్నర అయింది. అనుమతివ్వాల్సిన నలుగురూ సిస్టమ్‌లో సెలవు మీదున్నారు మరి.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మాయి అట్టతో చేసిన తలుపు విప్పేసి మంచం మీద కూర్చుంది. నాకని ఉంచిన కుర్చీ ఖాళీగా కనబడేసరికి, స్టేజీ మీంచి నాకోసం మూడు వరసలు వెతికిందట. ఆ వెతుకులాటలో తనకున్న ఒక్క మాటా మరిచిపోయిందట. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఆఫీసులో నీ బదులు ఇంకెవరూ లేరా నాన్నా?” అంది.

బోలెడుమంది ఉన్నారమ్మా, చాలకపోతే ఇంకో వందమందిని చేసి పెడతాను అనబోయాను. స్కూలు హాల్లో నా పేరున ఉంచిన ఆ ఒక్క కుర్చీలోకి మాత్రం ఎవణ్ణీ చేయలేకపోయాను.