మెడ మీద పరాయి కత్తెర

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు ఉండవలసిన చోట లేకపోయినా మీరే సర్దుకుని చదువుకోండి. రాయడం కూడా నాకు నెమ్మదే. ఇందులో సంగతంతా ఒక్క రోజులో జరిగిపోయింది, రాయడానికి మాత్రం నాకు వానాకాలమంతా పట్టింది.

ఆ రోజు కత్తెరాయన తెల్లవారగానే లేచాడు. వీధివైపు గదిలో క్షౌరం దుకాణం, వెనక వైపు కాపురం. కొత్త బ్లేడు విప్పి పెట్టుకుని, మెడకు కట్టే తెల్లగుడ్డను భార్య చేతికి ఇవ్వకుండా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఆయన బావమరిది బస్సు కండక్టరు. ఆ సాయంత్రమే డిపోలో అతని పదవీ విరమణ సభ. ఫొటో తీసి డిపో గోడకు వేలాడదీస్తారు. వేదిక మీద పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారని డిపోవాళ్ళు అడిగితే, "ఇంకెవరు? మా బావ" అన్నాడట కండక్టరు. ఆ మాట విన్నప్పటినుంచి కత్తెరాయనకు కాళ్ళు నేల మీద లేవు.

"ఏమేవ్, వాడు రాగానే టీ పెట్టు. వాడి తల పనయ్యేదాకా ఈ పూట ఇంకెవర్నీ కూర్చోబెట్టను."

"టీ పెడతా గానీ, తల జోలికి ఎందుకండీ ఇవాళ? గడ్డం గీసి పంపెయ్యండి," అంది భార్య చీపురు పట్టుకుని.

"ఫొటో పూట తల వదిలేసి గడ్డం గీయమంటావా? చొక్కా తొడిగి పంట్లాం మర్చిపోయినట్టు! మీసం మొలిచిన దగ్గర్నించి వాడి తల మీద ఇంకొకడి చెయ్యి పడలేదు. తెలుసా?"

ఆవిడ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

కండక్టరు వచ్చాడు. మంచి ఎండలో మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు.

"ఏరా, ఏంటీ వేషం?"

"గొంతు బాగాలేదు బావా."

"గొంతు ముందుంటుంది గదరా. వెనకెందుకు అంత బిగించావు?" అని కత్తెరాయన మఫ్లరు లాగేసి, అలవాటుగా బొటనవేలితో మెడ వెనక కిందినుంచి పైకి నిమిరాడు. వేలు సగంలో ఆగిపోయింది.

ఆయన కంటితో చూసి పని చేయడం మానేసి చాలాకాలమైంది. దూరాన వస్తున్న బస్సు నంబరు ఇట్టే చదివేవాడు గానీ, దగ్గరి వస్తువులు కాస్త అలుక్కుపోయేవి. కళ్ళజోడు మాట ఎత్తితే, "కళ్ళజోడు పెట్టుకున్న కత్తెరవాడి ముందు ఎవడు తల వంచుతాడు?" అని కసిరేవాడు. అందుకే వేలినే నమ్ముకున్నాడు. ఆ వేలు ఇప్పుడు చెబుతున్నది ఒకటే. ఈ మెడ మీద జుట్టు నిన్నో మొన్నో కత్తిరించారు. జుట్టు వాలు చూస్తే కత్తిరించినది ఎడమచేతివాటం మనిషి.

"ఎవడు కత్తిరించాడు?"

"ఎవరూ లేదు బావా. కాలరు ఒరుసుకుని..."

"కాలరు ఒరుసుకుంటే తోలు ఊడుతుంది. జుట్టు వరస తీరదు."

"వయసొచ్చింది కదండీ, రాలిపోయుంటుంది," అంది భార్య గోడవైపు చూస్తూ.

"రాలేది గీత గీసినట్టు రాలుతుందా? అక్కా తమ్ముడూ కలిసి నా చెవిలో పూలు పెడుతున్నారా?"

తర్వాత ఆయన నోరు విప్పలేదు. నురగ పూసి గడ్డం గీయడం మొదలుపెట్టాడు. గొంతు మీద కత్తి పెట్టి తిట్టేవాడికన్నా, కత్తి పెట్టి మాట్లాడనివాడే ఎక్కువ భయపెడతాడని కండక్టరుకు ఆ రోజు తెలిసింది.

"సాయంత్రం వస్తావుగా బావా?" అన్నాడు లేస్తూ.

"నీ తల ఎవరు కత్తిరించారో వాళ్ళనే కూర్చోబెట్టుకో పక్కన."

కండక్టరు ఏదో చెప్పబోయాడు. వెనకనుంచి అక్క కళ్ళతోనే వద్దంది. అతను మఫ్లరు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

కత్తెరాయన ఖాళీ కుర్చీ ముందు నిలబడిపోయాడు. కాపురమంతటిలో ఒక్కసారి కూడా భార్యను అనుమానించని మనిషి, ఇప్పుడు బావమరిది ఎవరి దగ్గరికి వెళ్తున్నాడా అని కుమిలిపోయాడు. జుట్టు పోతే పోయింది. ఆ పరాయి కుర్చీలో కూర్చుని వీడు కబుర్లు కూడా చెప్పి ఉంటాడు కదా! టికెట్టు లేని ముసలావిడ జోకు కూడా చెప్పేశాడేమో. ఆ జోకు తన దుకాణం సొత్తు అనుకుంటున్నాడు ఆయన. తనలో లోపం ఏమిటి? చెయ్యి బరువెక్కిందా? మాట కటువైందా? ఏదీ తోచక తల ఎత్తి అద్దంలోకి చూశాడు.

ఆయన వీధిని ఎప్పుడూ తిరిగి చూడడు. ఎదుటి అద్దంలో వీధంతా కనపడుతుంది, లోకాన్ని ఆయన అందులోనే చూస్తాడు. వీధికి అటుపక్క కొత్తగా వచ్చిన సెలూను, అద్దాల తలుపు, లోపల ఎవరి తలో కత్తిరిస్తున్న యజమాని. అతని చేతిలో కత్తెర తళుక్కుమంది. ఎడమచేతిలో.

"దొరికాడు!" అన్నాడు కత్తెరాయన.

"ఎవరండీ?"

"పన్ను! ఏ పన్నో తెలియక చస్తున్నా, ఇప్పుడు దొరికింది. డాక్టరు దగ్గరికి పోయొస్తా."

"పొద్దున బాగానే ఉన్నారుగా? ఏ పన్ను?"

"అన్నీ," అని, బావమరిది వదిలేసిన మఫ్లరునే మొహానికి చుట్టుకుని బయటపడ్డాడు. కాస్త దూరం డాక్టరు వైపు నడిచి, చుట్టు తిరిగి వచ్చి ఎదురు సెలూనులో దూరాడు.

"రండి బాబాయ్, కూర్చోండి. పంటి నొప్పా? మఫ్లరిటివ్వండి, మెల్లగా చేస్తాను," అన్నాడు యజమాని. మఫ్లరు కొక్కేనికి తగిలించాడు. కుర్చీ ఒక్కసారి పైకి లేచి గిర్రున తిరిగింది. ఎప్పుడూ ఎవరి కుర్చీలోనూ కూర్చోని కత్తెరాయన దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. గడ్డం అయ్యాక, మీసం అంచులు సరిచేస్తానని మెషిను తీశాడు అతను.

"ఇక్కడికి బస్సు కండక్టర్లు వస్తారా?" అన్నాడు కత్తెరాయన ఏమీ ఎరగనట్టు.

"ఒకాయన వస్తారు బాబాయ్. భలే హుషారు మనిషి."

"జోకులేస్తాడా?"

"అబ్బో! మొన్న టికెట్టు లేని ముసలావిడ సంగతి చెప్పారు. కడుపు చెక్కలయిందనుకోండి."

"ఆఁ!" అంటూ కత్తెరాయన గభాలున తల తిప్పాడు. మెషిను మాత్రం తన దారిన తాను పోయింది.

"అయ్యో బాబాయ్!"

"ఏమైంది?"

"మీసం... ఒకవైపే ఉంది."

"రెండోవైపు?"

"కింద ఉంది బాబాయ్."

ఇక చేయగలిగింది ఒక్కటే. మిగిలిన సగం కూడా తీసేశాడు. అద్దంలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కత్తెరాయన వైపు తెల్లబోయి చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే, బావను ఎలాగైనా బతిమాలుకుందామని వెనక్కి వచ్చిన కండక్టరుకు, అద్దాల తలుపులోంచి తన మఫ్లరు కనపడింది. లోపలికొచ్చి కొక్కేన్ని చూశాడు, తర్వాత కుర్చీని చూశాడు. ముందు గుర్తుపట్టలేదు.

"బావా? నువ్వా? ఇక్కడా?"

"ఒరేయ్, అది కాదురా..."

"పొద్దున నన్ను అన్నేసి మాటలన్నావు. నేను ఈ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. నువ్వొచ్చి మీసంతో సహా సమర్పించుకున్నావే!" అతని గొంతు ఈసారి నిజంగానే బాగాలేదు. "వద్దు బావా. ఇక నాకేం చెప్పకు."

"నువ్వు రాలేదూ? టికెట్టు లేని ముసలావిడ జోకు ఇక్కడిదాకా ఎలా వచ్చిందిరా?"

"ఆ జోకు డిపోలో అందరిదీ బావా! డ్రైవర్లు కూడా చెబుతారు."

ఇంతలో భార్య వచ్చింది. పంటి డాక్టరు దగ్గర మొగుడు లేడని తెలిసి, కంగారుగా వీధంతా గాలించుకుంటూ వస్తోంది. మీసం లేని మొహం చూసి, "పన్ను పీకించుకుంటానని ఇదా మీరు పీకించుకున్నది?" అంది.

కత్తెరాయన కుర్చీలోంచి దిగాడు. మెడకు గుడ్డ అలాగే వేలాడుతోంది. "అందరూ నాకు చెప్పేవాళ్ళే! వీడి మెడ మీద పడింది ఎడమచెయ్యి. ఇతనిది ఎడమచేతివాటం. అద్దంలో నా కళ్ళారా చూశాను!"

యజమాని తన చేతిలో ఉన్న మెషినును చూసుకుని, మెల్లగా పైకెత్తాడు. అది కుడిచెయ్యి.

"అద్దంలో చూస్తే ఎడమలాగే కనపడుతుంది కదా బాబాయ్," అన్నాడు వినయంగా.

జీవితమంతా అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఆ మాట ఒకరు చెప్పవలసి వచ్చింది. చెవుల దాకా వేడెక్కింది ఆయనకు. అయినా మొండిగా, "మరి వీడి మెడ మీద ఎడమచెయ్యి ఎవరిది?" అన్నాడు.

భార్య తన ఎడమచేతిని నెమ్మదిగా వెనక్కి దాచుకుంది.

ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒకరున్నారన్న సంగతి కత్తెరాయనకు తట్టనేలేదు. ఆ చేత్తో ఆవిడ కూరలు తరుగుతుంది, బట్టలు కత్తిరిస్తుంది. అన్నీ రోజూ చూసేవే.

"కళ్ళజోడు పెట్టుకోమంటే మీరు వినరు," అంది ఆవిడ తల దించుకుని. "మీరు కత్తిరించినప్పుడల్లా వీడి మెడ ఎలక కొరికినట్టుంటోంది. అందుకని వీడు మన ముందు గుమ్మంలోంచి వెళ్ళి, సందు చుట్టి వంటింటి గుమ్మంలోంచి వస్తాడు. నేను సరిచేసి పంపిస్తాను. ఇవాళ సభకు ముందు అంత వ్యవధి ఉండదని, నిన్న మీరు బజారుకెళ్ళినప్పుడు ముందుగానే కానిచ్చాం."

"వీడొక్కడేనా?"

ఆవిడ తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు నేల మీద మీసాన్ని చూశాడు.

"చెప్పవే."

"పాలాయన... బడి మాస్టారు... మందుల షాపాయన..."

"మొన్న మందుల షాపాయన వాళ్ళ అన్నగార్ని కూడా తీసుకొచ్చాడు, మరి ఆ అన్నగారు?"

"ఆయన ముందు గుమ్మానికి రాలేదండీ. తిన్నగా వంటింటికే వచ్చారు."

కత్తెరాయన అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. తన దగ్గర తల వంచినవాడు ఇంకో గుమ్మం ఎక్కడని ఎందరితో చెప్పుకున్నాడు! నిజమే, వాళ్ళు ఎక్కింది కూడా ఆయన గుమ్మమే. పాలాయన కుర్చీ దిగి, అద్దంలో చూసుకుని, "బ్రహ్మాండం" అని, ఇల్లు ఒకవైపుంటే ఇంకోవైపు నడవడం ఆయనకు గుర్తొచ్చింది. టీ తాగడానికి వెళ్తున్నాడేమో అనుకునేవాడు.

"వెనక గుమ్మం సంగతి వాళ్ళకెవరు చెప్పారు?"

"నేనే బావా," అన్నాడు కండక్టరు. "ఒక్కొక్కళ్ళు ఈ సెలూనుకు వచ్చేస్తామన్నారు. మా బావ మనసు విరిగిపోతుంది, కాస్త సందు తిరిగి రండి, చాలు అని చెప్పుకున్నాను."

పొద్దున తను ఈ మనిషినే ఏమన్నాడో కత్తెరాయనకు మాట మాటా వినపడింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాచుకోవడానికి మీసం కూడా లేదు. సెలూను యజమాని దగ్గరికొచ్చి, ఆయన మెడ చుట్టూ ఉన్న గుడ్డను చప్పుడు చేయకుండా విప్పి, అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఒరేయ్... సాయంత్రం ఆ పక్క కుర్చీ..."

"నా తల కత్తిరించినవాళ్ళనే కూర్చోబెట్టుకోమన్నావుగా," అన్నాడు కండక్టరు ఎటో చూస్తూ. "అక్కకిచ్చేస్తున్నాను."

"అదే న్యాయం," అన్నాడు కత్తెరాయన. ఆయన నోట ఆ మాట అంత తొందరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

సాయంత్రం మీసం లేని కత్తెరాయనను డిపోలో ఎవరూ పోల్చుకోలేదు. చివరి వరసలో ఎవరో బయటి మనిషి కూర్చున్నాడనుకున్నారు. అక్కడినుంచి దూరపు చూపుతో ఆయనకు బావమరిది తల చక్కగా కనిపించింది. పొందిగ్గా ఉంది. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది, అయినా చూపు తిప్పుకోలేదు. ఫొటోకు అందరూ సర్దుకుంటుంటే కండక్టరు లేచి, "ఆగండి. ఆ వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాయన్ని ఇలా పంపించండి. నా మీద అలిగే హక్కున్నవాడు లేకుండా నాకు ఫొటో ఏమిటి?" అన్నాడు. కత్తెరాయన తల వంచుకునే వేదిక ఎక్కాడు. ఫొటోలో ఆయన మొహం సగమే పడింది, మిగతా సగం ఆయన చెయ్యి.

ఆ వారమే కళ్ళజోడు వచ్చింది. దుకాణంలో రెండో కుర్చీ వచ్చింది. అందులో భార్య, వంటింట్లో కాకుండా వీధివైపునే, అందరూ చూస్తుండగా తమ్ముడి తల కత్తిరించింది. అయ్యాక, "చూడండి, ఎలా ఉంది?" అంది మొగుణ్ణి.

కత్తెరాయన కళ్ళజోడు సర్దుకుని మెడ దగ్గరికి వంగాడు. గీత ఒకవైపు కాస్త కిందికి జారి ఉంది. అంతకాలంగా అలాగే జారి ఉండాలి. ఆయన చాలాసేపు చూసి, నిటారుగా నిలబడి, "బ్రహ్మాండం" అన్నాడు.

బావ నోట ఇంకొకరి కోత బాగుందన్న మాట కండక్టరు ఎన్నడూ వినలేదు. అనుమానమొచ్చి మర్నాడే వెళ్ళి ఒక టోపీ కొనుక్కున్నాడు.

— గుండీల మామ్మ
వయసు డెబ్భై రెండు. ఇప్పుడు ఉండేది మా చిన్నమ్మాయి ఇంట్లో, మేడ మీది గదిలో.