ఆకుపచ్చ కార్డున్న పన్ను

పంటికి బాధ్యత నాలుకదేనని ప్రభుత్వం వారు తేల్చేశారు. ఇక ఇందులో వాదనకి తావు లేదు. అభ్యంతరాలేవైనా ఉంటే పళ్ళకే ఉండాలి, వాటికి మాట్లాడే అలవాటు లేదు.

మొదట్లో సంగతి బుద్ధిగానే ఉంది. చదువుకున్నవాళ్ళు కొందరు బడిపిల్లల నోళ్ళు పరీక్షించి, "తీపి చప్పున తెలియని పిల్లలు తీపి ఎక్కువ తింటారు, అందుకని వాళ్ళ పళ్ళు పుచ్చే ప్రమాదం ఎక్కువ కావచ్చు" అన్నారు. "కావచ్చు" అన్నారు, పాపం. ఆ మాట ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి ఎక్కుతూ పోయేసరికి దారిలో "కావచ్చు" ఎక్కడో జారిపోయింది. (మెట్ల మీద వెతికించారు, దొరకలేదు.) పై అంతస్తులో సంతకం అయ్యేనాటికి మిగిలింది ఇది: మొద్దు నాలుక గలవాడి పన్ను పుచ్చును, చురుకు నాలుక గలవాడి పన్ను పుచ్చదు. పుచ్చినట్టు కనబడితే అది చూసినవాడి కంటి దోషం.

వెంటనే బాలల నాలుకల శాఖ వెలిసింది. దాని తరఫున ప్రతి బడికీ ఒక రుచుల ఆఫీసరు దిగాడు. మన కథలోని బడికి దిగిన ఆఫీసరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో బల్ల వేయించి, దాని మీద కాగితం గ్లాసులు బారుగా పేర్పించాడు. మొదటి గ్లాసులో మంచినీళ్ళు. రెండో దాంట్లో చిటికెడు చక్కెర. ఆపైన గ్లాసు గ్లాసుకీ చక్కెర పెరుగుతూ పోయి, చివరి గ్లాసులో చెంచా దానంతటదే నిలబడి ఉంటుంది. పిల్లలు ఒక్కో గ్లాసే తాగి, తీపి తెలియగానే చెయ్యెత్తాలి. తొందరగా ఎత్తినవాళ్ళకి ఆకుపచ్చ కార్డు, ఆలస్యంగా ఎత్తినవాళ్ళకి ఎర్ర కార్డు. ఎర్ర కార్డు ఉంటేనే పక్కన కూర్చున్న పళ్ళ డాక్టరు నోరు చూస్తాడు.

ఆ పళ్ళ డాక్టరు నెమ్మదైన మనిషి, నోట్లో నాలుక లేదంటారే, ఆ బాపతు. (నాలుకల శాఖలో ఆయన్ని అందుకే వేశారని గిట్టనివాళ్ళు అంటారు.) ఎర్ర కార్డు లేని నోరు పొరపాటున కూడా ఆయన కంట పడకూడదని ఆయన కుర్చీని గోడవైపు తిప్పి వేయించారు. రోజూ సాయంత్రం ఆయన ఏమేం చూశాడో రాసివ్వాలి. ఎర్ర కార్డు పిల్లలెవరికీ ఇంకా నొప్పి రాలేదు, ఆయనేమో అబద్ధం ఆడలేడు. "గోడ చూశాను. పుచ్చులు లేవు" అని రాసేవాడు. శాఖవారు దాన్ని శుభవార్తగా పైకి పంపేవారు.

ఇలా అంతా సజావుగా సాగిపోతుండగా పిడుగుకి పన్ను నొప్పి వచ్చింది.

పిడుగు రెండో తరగతి పిల్ల. బస్సు కండక్టరు కూతురు. ఆ పిల్ల నాలుక సామాన్యమైంది కాదు. నిన్న చక్కెర కలిపిన చెంచాని ఇవాళ కడిగి ఇచ్చినా పసిగట్టేస్తుంది. టూత్‌పేస్టు అంటే ఆ పిల్లకి నాలుక మీద నిప్పు పెట్టినట్టే, అందుకని బ్రష్షుని పెదాలకి చూపించి కడిగేస్తుంది. ఇక తీపి సంగతి. మొద్దు నాలుక పిల్లలు నారింజ బిళ్ళ దొరికితే కటుక్కున కొరికి మింగేసి ఆటకి పోతారు. పిడుగుకి అంత తొందరెందుకు? ఒక్క బిళ్ళని పొద్దున్నే ఎడమ బుగ్గలో దాచుకుందంటే అన్నం గంట కొట్టే దాకా దాని రసం చుక్క చుక్కగా ఆస్వాదిస్తుంది. ఆ బిళ్ళ సరిగ్గా ఆనుకుని పడుకునేది ఎడమవైపు వెనక పన్ను మీద.

పరీక్షనాడు పిడుగు మొదటి గ్లాసుకే చెయ్యెత్తింది.

"అది మంచినీళ్ళమ్మా" అన్నాడు ఆఫీసరు.

"జగ్గులో ఇంతకుముందు చక్కెర కలిపారండి. సరిగ్గా తొలవలేదు" అంది పిడుగు. "గ్లాసుకి బంక వాసన కూడా ఉంది."

ఆఫీసరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అంతటి నాలుక ఆయన సర్వీసులో తగల్లేదట. మామూలు ఆకుపచ్చ చాలదని ముదురు ఆకుపచ్చ కార్డు తెప్పించి మరీ ఇచ్చాడు.

వారం తిరిగేసరికి పిడుగు ఎడమ బుగ్గ బన్ను రొట్టెలా పొంగింది. అన్నం కుడివైపే నములుతోంది, చన్నీళ్ళు తగిలితే చుక్కలు చూస్తోంది. కండక్టరు సెలవు పెట్టి పిల్లని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాడు.

"సార్, మా అమ్మాయికి పంటి నొప్పండి. డాక్టరు గారు ఒక్కసారి చూస్తే..."

"కార్డు?"

"ఇదిగోండి."

"ఆహా, ముదురు ఆకుపచ్చ!" అన్నాడు ఆఫీసరు. "ఈ నాలుక మీ ఇంట్లోదా? అదృష్టవంతులు."

"నాలుక బాగానే ఉందండి. పన్నే పుచ్చింది."

"ఆకుపచ్చ కార్డుకి పన్ను పుచ్చదండీ."

"పుచ్చిందండి. రంధ్రం కనబడుతోంది."

"మీకు కళ్ళజోడు ఉందా?"

"లేదండి."

"మరి అదే."

"బుగ్గ చూడండి సార్, ఎంత వాచిందో!"

ఆఫీసరు తేరిపార చూశాడు. "పిల్ల పుష్టిగా ఉంది. సంతోషం."

గోడవైపు నుంచి సన్నని గొంతు వినబడింది. "వాపు కుడివైపా, ఎడమవైపా?"

"డాక్టర్! గోడ!" అన్నాడు ఆఫీసరు.

కుర్చీ కిర్రుమని మళ్ళీ గోడవైపు సర్దుకుంది.

ఇంకెవరైనా అయితే అక్కడే రభస చేసేవాళ్ళు. కండక్టరు చెయ్యలేకపోయాడు. ఆయన పుట్టుకతోనే రూలు మనిషి. ఎర్ర కార్డు లేనివాడిని డాక్టరు దగ్గరికి పంపకపోవడం, టికెట్టు లేనివాడిని బస్సులో కూర్చోబెట్టకపోవడం ఆయన దృష్టిలో ఒక్కటే. ఆఫీసరు మీద కోపం రావలసింది పోయి లోలోపల కొంచెం గౌరవం కూడా కలిగింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ఆపి జరిగిందంతా విని, నోట్లో దారం తీసి పక్కన పెట్టింది.

"వాళ్ళేదో అన్నారని మీరొచ్చేశారా?"

"రూలంటే రూలే కదా."

"అవున్లెండి. కన్నతండ్రిలాంటి మామగారిని, టికెట్టు పారేసుకున్నాడని నడిరోడ్డు మీద దించేసిన మనిషి మీరు! మా నాన్న ఇప్పటికీ మీ బస్సు హారను వినబడితే రోడ్డు దిగి నిలబడతాడు."

"చెకింగ్ వాళ్ళొస్తే నా ఉద్యోగం ఊడేది కదే!"

"ఇప్పుడు పిల్ల పన్ను ఊడట్లేదుగా! ఆ సంగతి చూడండి. ఎర్ర కార్డు కావాలంటే తీపి తెలియకూడదు, అంతేగా? మళ్ళీ పరీక్షకి తీసుకెళ్ళండి. చివరి గ్లాసు దాకా నీళ్ళే నీళ్ళే అనమనండి."

"అబద్ధం చెప్పించమంటావా?"

"నిజం చెప్తే చప్పట్లు కొట్టి పంపేశారుగా."

కండక్టరు ఆ పూట అన్నం మెతుకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మూలన పిడుగు బుగ్గకి తడిగుడ్డ అద్దుకుని మూలుగుతోంది. ఆ మూలుగు ఏ రూలు కిందకి వస్తుందో ఆయనకి తట్టలేదు. చివరికి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"చూడమ్మా. టికెట్టు కొనని వాళ్ళు నేను దగ్గరికి రాగానే ఏం చేస్తారో తెలుసా?"

"ఏం చేస్తారు నాన్నా?"

"కిటికీలోంచి బయటికి చూస్తారు. అక్కడేమీ ఉండదు. అయినా జన్మలో చెట్టు చూడనట్టు చూస్తారు. నేను అరిచినా వినబడదు. నువ్వూ అలాగే గ్లాసు తాగి, బయటికి చూసి, 'నీళ్ళు' అను."

"వాళ్ళని నువ్వు పట్టేసుకుంటావు కదా?"

"నేను పట్టుకుంటాను. ఆ ఆఫీసరు బస్సులో పనిచెయ్యలేదుగా."

ఆ సాయంత్రమంతా తండ్రీకూతుళ్ళు కిటికీ దగ్గర కూర్చుని సాధన చేశారు. పిడుగు మొహంలో ఆరితేరిన టికెట్టు దొంగ కళ వచ్చింది. కండక్టరుకి గర్వం కలిగింది, వెంటనే సిగ్గేసింది.

మర్నాడు మళ్ళీ పరీక్ష. పునఃపరీక్షకి వీలుంది, ఎవరూ అడగరన్న నమ్మకంతో శాఖవారే పెట్టిన రూలది.

పిడుగు మొదటి గ్లాసు తాగింది. వరండాలోంచి బయటికి చూసింది. "నీళ్ళు."

రెండోది. "నీళ్ళు."

గ్లాసులు చిక్కబడుతున్న కొద్దీ పిల్ల చూపు దూరంగా పోతోంది. మధ్య గ్లాసులకి వచ్చేసరికి చక్కెర పాకం పుచ్చులోకి దిగింది. పిడుగు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగి బుగ్గ మీదుగా పెదాల దాకా జారాయి. ఆఫీసరు కలం తీసి రాసుకున్నాడు: "కన్నీరు వచ్చింది. పిల్ల చప్పరించింది. ఉప్పు రుచి గ్రహించు శక్తి సంతృప్తికరం."

"చాల్లే తల్లీ, లేచిరా" అన్నాడు కండక్టరు.

పిడుగు తల అడ్డంగా ఊపింది. చెంచా నిలబడ్డ చివరి గ్లాసు అందుకుంది. గుక్క పట్టింది. మరుక్షణం "అమ్మోయ్!" అని పెట్టిన కేకకి ఆవరణలో పావురాలు లేచిపోయాయి. చెయ్యి దానంతటదే బుగ్గ మీదకి ఎగిరింది.

"చెయ్యెత్తింది!" అన్నాడు ఆఫీసరు.

"నొప్పండీ అది! పన్ను నొప్పి!"

"తీపి తగిలింది, చెయ్యి లేచింది. నాలుక మాత్రం నీళ్ళంటోంది. అంటే తీపి తెలిసింది దేనికి?" ఆఫీసరు గొంతు భక్తితో వణికింది. "పంటికి! రుచి తెలిసిన పన్ను! శాఖ చరిత్రలో ఇదే మొదటిది!"

అప్పటికప్పుడు పైకి ఫోను చేశాడు. రుచి తెలిసేది నాలుకకే కనుక, పిడుగు ఎడమవైపు వెనక పన్ను ఇక మీదట నాలుకగా పరిగణించబడుతుందని పైనుంచి జవాబు వచ్చింది. నాలుకని పళ్ళ డాక్టరు ముట్టుకోకూడదు. ఆ పంటికి విడిగా ఇంకో ఆకుపచ్చ కార్డు ఇచ్చారు.

కండక్టరు రెండు కార్డులూ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. ఈసారి గౌరవం కలగలేదు.

ఆ సాయంత్రం డ్యూటీకి పిడుగుని కూడా తీసుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. గోడలు చూసి అలసిపోయిన పళ్ళ డాక్టరు రోజూ లాగే సంచీ పట్టుకుని బస్సెక్కాడు. (పనిముట్లు బడిలో వదిలితే తుప్పు పడతాయని ఇంటికి మోసుకుపోతాడు. అక్కడా తుప్పే పడుతున్నాయి.) బస్సు చివరి స్టాపు చేరి జనం దిగబోతుంటే కండక్టరు విజిలు వేశాడు.

"డాక్టరు గారూ, మీరు ఆగండి."

"నా దగ్గర టికెట్టుందండీ!"

"మీ దగ్గరుంది. మా అమ్మాయి దగ్గరుంది. ఇదిగో, దాని పంటికి కూడా అర టికెట్టు కొట్టాను. ఆ పన్ను దిగాల్సిన స్టేజి వచ్చేసింది. దించెయ్యండి."

డాక్టరు అటూ ఇటూ చూశాడు. "ఎర్ర కార్డు లేకుండా నేను నోరు చూడకూడదు..."

"అది బడిలో. ఇది బస్సు. ఇక్కడ రూలు నాది. స్టేజి దాటి ఎవరూ ప్రయాణం చెయ్యకూడదు. మామగారినే దించినవాణ్ణి, పన్నొక లెక్కా?"

డాక్టరు అలవాటుగా ముందు గోడకోసం వెతికాడు. బస్సులో గోడ లేదు. అంతా కిటికీలే. ఆయన నెమ్మదిగా పిడుగువైపు తిరిగి, "నోరు తెరువమ్మా" అన్నాడు. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో, గొంతు పెగుల్చుకుని అన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపాడు. దిగబోయినవాళ్ళు దిగకుండా ఫోన్లు తీసి వెలుగు పట్టారు. మత్తు సూది పడింది. పిడుగు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది, ఈసారి ఎవరూ చెప్పకుండానే. పాలపన్ను కాబట్టి పేచీ పెట్టకుండా దిగిపోయింది.

ఆ వారం పిల్ల రెండువైపులా నమిలింది.

తర్వాతి వారం ఆఫీసరు రుచి తెలిసిన పన్నుని దర్శించుకోవడానికి శాఖ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని కండక్టరు ఇంటికి వచ్చాడు. పిడుగు నోరు తెరిచింది. అక్కడ ఖాళీ ఉంది.

"పన్నేదీ?"

"బస్సులో దిగిపోయిందండి" అన్నాడు కండక్టరు. అర టికెట్టు చూపించాడు.

పెద్దవాళ్ళు ఆలోచనలో పడ్డారు. బస్సు తమ శాఖ కిందకి రాదు, కాబట్టి అక్కడ జరిగింది జరిగినట్టు కాదు. కార్డు ఉంది కాబట్టి పన్నూ ఉన్నట్టే.

"ఇప్పుడేమైనా నొప్పి ఉందామ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదండి."

"చూశారా!" అన్నాడు ఆఫీసరు, పెద్దవాళ్ళవైపు తిరిగి. "నేను మొదటిరోజే చెప్పాను. ఆకుపచ్చ కార్డుకి పంటి నొప్పి రాదని."

అప్పటికి బడిలో మిగతా పిల్లలు, ఇంకో రుచి తెలిసిన పన్ను దొరుకుతుందేమోనని రోజూ పెట్టిన పరీక్షల్లో పాకం తాగీ తాగీ, ఒక్కొక్కరే బుగ్గలు పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎర్ర కార్డు వాళ్ళు ఎక్కువ గ్లాసులు తాగారు కాబట్టి వాళ్ళ పళ్ళే ముందు పుచ్చాయి. అంచనా అక్షరాలా నిజమైందని, ఇక ఎవరి నోరూ చూడనక్కర్లేదని శాఖవారు పొంగిపోయి వచ్చే ఏటికి చక్కెర కోటా రెట్టింపు చేశారు. నొప్పి లేని పిల్ల బడి మొత్తానికి ఒక్కతే ఉంది కాబట్టి, పథకం ప్రచారానికి పిడుగుకే ఫోటో తీశారు.

"నవ్వమ్మా" అన్నాడు ఆఫీసరు. "నోరు తెరవకుండా నవ్వాలి."

ఆ బొమ్మని పెద్దది చేయించి, వరండాలో పళ్ళ డాక్టరు కుర్చీకి సరిగ్గా ఎదురుగా గోడకి అంటించారు. ఆయన ఇప్పుడు రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటాడు. సాయంత్రం కాగానే రాసిస్తాడు.

"గోడ చూశాను. పుచ్చులు లేవు."