ఎర్ర పట్టీ కట్టుకున్న డైరెక్టరు

“ఈ ఆసుపత్రి గడప లోపల, తగిన కారణం లేకుండా, ఒక్క యాంటీబయాటిక్ చుక్క కూడా ఏ మనిషి నరంలోకీ దిగబోదు!”

ఇది శాసనం. రాసింది నేనే. అద్దాల చట్రాల్లో బిగించి అన్ని అంతస్తుల్లోనూ వేలాడదీయించిందీ నేనే. కింద నా సంతకం శాసనం కన్నా పెద్దదిగా ఉంటుంది. ఓర్విల్ క్రెచెక్, ప్రధాన ఫార్మసిస్టు, అంటురోగాల రెసిడెన్సీ డైరెక్టరు! నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ ఒంటిగది బడిలో చదివినవాడికి ఇంత పొడుగు హోదా దొరికితే ఊరికే ఉంటాడా?

ఈ రెసిడెన్సీ సంగతి చెప్పాలి. మందుల చదువు ముగించి, ఆసుపత్రిలో ఒక ఏడాది తర్ఫీదు పొంది, అదీ చాలదనుకున్నవాళ్లు అంటురోగాల మందుల్లోనే ఇంకో ఏడాది నలుగుతారు. మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క సీటు. ఈ ఏడు దాంట్లో నలిగినది జోనెల్ ఆస్ట్రాండర్. నలిపినవాణ్ణి నేను. మాది కొత్త శిక్షణ కాబట్టి తనిఖీకి మనిషి వస్తుంది. ఆమె సరేనంటే జోనెల్ ఏడాదికి విలువ. కాదంటే ఓమహా నగరంలో ఖాయమైన ఉద్యోగంతో సహా ఆ పిల్ల ఏడాది మురిక్కాలవలో పోసినట్టే.

నేను ఆమెకు నేర్పిన మహామంత్రం ఒకటుంది. “పెన్సిలిన్ పడదు అనేవాళ్లలో పదింట తొమ్మిది మందికి అది శుభ్రంగా పడుతుంది! చిన్నప్పుడు ఎవరో అన్న మాట పట్టుకుని జీవితమంతా భయపడుతుంటారు. మంచి మందు వదిలి మొరటు మందులు ఎక్కించుకుంటారు. అడుగు, పరీక్షించు, ‘మందు పడదు’ అని చేతికి కట్టిన ఎర్ర పట్టీ కత్తిరించు!”

జోనెల్ ఊరి మీద పడి కత్తిరించింది. మేయరుది, పాస్టరుది, పాస్టరు అత్తగారిది. ఆ లెక్క నేను నోటీసు బోర్డు మీద పెట్టించాను, నా ఫోటో పక్కన.

తనిఖీకి రెండు రోజుల ముందు, దూడ వెంట పరిగెత్తబోయి కంచె ముళ్లతీగ మీద పడ్డాను. కాలు గీరుకుంది. తనిఖీ నాటి ఉదయానికి పిక్క గుమ్మడికాయంత అయి, ఎర్రగా కాలిపోతోంది. మా ఆవిడ డార్లీన్ నన్ను ట్రక్కులో పడేసి మా ఆసుపత్రిలోనే చేర్పించింది. నర్సు నా చేతికి పట్టీ కట్టింది.

ఎర్రది!

ఇతరులెవరు అడిగినా నేను కాదనే మొరటు మందు ఒకటుంది. అది కావాలని నేనే అడిగాను. నా అనుమతి తప్పనిసరి గనక, దీర్ఘంగా ఆలోచించి, నేనే అనుమతించాను.

సీసా వేలాడదీయక ముందే జోనెల్ గదిలోకి వచ్చింది. “సార్! తనిఖీ మేడమ్ అడుగుతోంది. నేను నిజమైన రోగిని పరీక్షించి పట్టీ తీయడం కళ్లారా చూడాలట. వార్డంతా వెతికాను, ఎర్ర పట్టీ ఉన్నవాళ్లు ఎవరూ...” ఆగిపోయింది. నా మణికట్టు దుప్పటి కిందికి పోవడం ఆమె చూసేసింది.

“మెల్లిగా అమ్మాయ్, బయట నర్సులున్నారు. ఇంకొకర్ని చూడు.”

“ఇంకెవరున్నారు సార్? అందరివీ మనమే తీసేశాంగా!”

“మా ఆయనకి పెన్సిలిన్ మాట ఎత్తితే చాలు తల్లీ, ముచ్చెమటలు,” అంది డార్లీన్. “పెళ్లయిన నాటి నుంచీ అదే పాట.”

“అసలేమైంది సార్ మీకు?”

“ఏమైందా? ఒక్క సూది! ఒళ్లంతా ఉబ్బి చొక్కా గుండీలు తుపాకీ గుండ్లలా ఎగిరాయి. ఒకటి తగిలి గుర్రం బెదిరింది. డాక్టరు కిటికీలోంచి దూకాడు!”

“మీరు చూశారా?”

“మూడేళ్లవాణ్ణి, ఏం చూస్తాను? మా అమ్మ చెప్పింది.”

“మా అత్తగారు చెప్పింది ఒంటి మీద ఎర్ర పొక్కులనే తల్లీ,” అంది డార్లీన్. “గుర్రం ఏటేటా ఈయన చేర్చిందే.”

“అప్పుడు జబ్బేంటి సార్?”

“తట్టు.”

“తట్టు పోస్తే పొక్కులు రాక ఏమొస్తాయి సార్?”

ఈ ప్రశ్న నేనే ఆమెకు నేర్పాను. నేర్పకుండా ఉండాల్సింది.

ఇంతలో తనిఖీ అధికారిణి వినిఫ్రెడ్ హాల్‌స్టెడ్ రానే వచ్చింది. ఇస్త్రీ చేసినట్టున్న మనిషి. నన్నూ, పట్టీనీ చూసి మొహం వెలిగించుకుంది. “ఓహో! శిష్యురాలి కోసం డైరెక్టరే రోగిగా పడుకున్నారా? ఎంత అంకితభావం!”

“ఏదో, నా వంతు,” అన్నాను వినయంగా. ఇక పారిపోవడానికి దారేది?

పక్కన నర్సు, ట్రేలో విరుగుడు సూది. “వరసగా రెండు బిళ్లలు సార్,” అంది జోనెల్. “ఒకటి ఉత్తది, ఒకటి అసలుది. ఏది ఏదో చెప్పను.” మొదటిది మింగాను. నిమిషం తిరక్కుండానే మెడ దురద! చెవులు వేడి! గొంతు బిగుసుకుంది!

“డార్లీన్! వెళ్లొస్తానే! ట్రాక్టరు మా తమ్ముడికి ఇవ్వకు!”

జోనెల్ నాడి చూసింది, ఛాతీ మీద గొట్టం పెట్టి వింది, చర్మం చూసింది. ఒక్క మచ్చ లేదు. “సార్, అది ఉత్త పిండి బిళ్ల.”

హాల్‌స్టెడ్ చప్పట్లు కొట్టింది. “అద్భుతం! ఇంత సహజమైన నటన నేను చూడలేదు!” మరుక్షణం మొహం ముడిచింది. “కానీ అమ్మాయ్, నటించే రోగి లెక్కలోకి రాడు. నిజమైన రోగి లేకపోతే నేను సంతకం పెట్టలేను.”

జోనెల్ నా వైపు చూడలేదు. అదే నన్ను చంపింది. తలవంచుకుని ట్రే సర్దుకోవడం మొదలెట్టింది. నా పరువు నిలబడాలంటే ఆ పిల్ల ఏడాది పోవాలి. పరువు వంక ఒకసారి చూశాను. అప్పటికే అది పక్క మీద కూర్చుని పిర్రలు గోక్కుంటోంది.

“నటన కాదు మేడమ్,” అన్నాను. “నిజంగానే చచ్చాననుకున్నాను. పదింట తొమ్మిది మంది మందబుద్ధులని ఊరంతా చాటినవాణ్ణి, అందులో పెద్దవాణ్ణి నేనే. అమ్మాయ్, ఆ రెండోది ఇటివ్వు.”

మింగాను. గంటసేపు అందరూ నా చర్మాన్ని కాపలా కాశారు. దురద లేదు, దద్దురు లేదు. ఆకలి మాత్రం దంచేసింది. జోనెల్ కత్తెర తీసి పట్టీ కత్తిరించింది. హాల్‌స్టెడ్ అక్కడే, మంచం అంచున కాగితాలు పెట్టుకుని, జోనెల్ శిక్షణ చెల్లుతుందని సంతకం చేసింది.

కానీ వెళ్లలేదు. తలుపు దాకా పోయి, నర్సును పంపించి, తలుపు వేసి వచ్చింది. చేతి గడియారం విప్పింది. దాని కింద సన్నటి వెండి కడియం, దాని మీద చెక్కిన ఎర్ర అక్షరాలు: పెన్సిలిన్ పడదు.

“మా పిన్ని చెప్పింది,” అంది గొణుగుతూ. “ఎన్ని ఊళ్లు తనిఖీ చేశానో. ఎవరూ నా చెయ్యి చూడలేదు.” జోనెల్ వైపు తిరిగి గొంతు ఇంకా తగ్గించింది. “ఆ మొదటి బిళ్ల... పిండిది... ఇంకోటి ఉందా అమ్మాయ్?”

నేను మంచం మీద కాస్త పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను.