శనిగ్రహం దగ్గర మా కొత్త పేట

"పోసో ఆల్టో ప్రజలారా! ఈ రోజు నుంచి మన ఊరికి సొంత చంద్రుడున్నాడు!"

మా మేయర్ దోన్ బాల్దొమేరో తిరపెగీ గారు పురపాలక భవనం మేడమీద నిలబడి ఈ ప్రకటన చేసినప్పుడు కింద చౌకులో జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఉపన్యాసం రాసిచ్చింది నేనే కాబట్టి ఆయన వాక్యం ముగించకముందే మొదలెట్టాను.

నా పేరు నిబాల్దో. పురపాలక సంఘం ప్రచార విభాగం నాదే. విభాగం అంటే నేనూ, ఒక కంప్యూటరూ. ఏటా డిసెంబరు ఆఖరున, అంటే మాకు నడివేసవిలో, నా కాంట్రాక్టు ముగుస్తుంది. మేయర్ గారి మనసు బాగుంటే జనవరిలో మళ్ళీ మొదలవుతుంది. అందుచేత ఏడాది పొడుగునా ఆయన మనసు బాగుంచడమే నా ఉద్యోగం. ఈ విషయంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడని మా ఆవిడ ఓరియానా కూడా అంటుంది, కాకపోతే ఆమె అనే తీరు వేరు.

మా ఇల్లు మిరడోర్ కొండమీద. అక్కడికి గొట్టాల్లో నీళ్ళెక్కవు. మాది కరువు ప్రాంతం కాబట్టి ప్రభుత్వం పంపే ట్యాంకరు ప్రతి మంగళవారం వచ్చి ఇంటికో నీలం డ్రమ్ము నింపి పోతుంది. వారమంతా వంట, స్నానం, బట్టలు అన్నీ ఆ డ్రమ్ముతోనే.

ఇక చంద్రుడి సంగతి. మా ఊరికెదురుగా ఉన్న పర్వతంమీద పెద్ద టెలిస్కోపు ఉంది. దానికి అడ్డు రాకూడదని చట్టం ఉండటంవల్ల మా ఊళ్ళో వీధిదీపాలన్నీ తలవంచుకునే వెలుగుతాయి. ఫుట్‌బాల్ మైదానంలో ఒక దీపం గాలికి తిరిగి ఆకాశాన్ని చూస్తోందని ఫిర్యాదు చేయడానికి ఖగోళశాస్త్రవేత్త డాక్టర్ మిలెన్కా ఒకరోజు మేయర్ గారి దగ్గరికి వచ్చింది.

"దీపానిదేముంది డాక్టరమ్మా, దించేద్దాం. ఇంతకీ అంత దీక్షగా ఏం చూస్తున్నారు పైన?" అన్నారు మేయర్ గారు.

"శని చుట్టూ ఇప్పటికే చాలా చంద్రుళ్ళున్నాయి కదండీ. ఇంకో చిన్నది ఉన్నట్టు కనబడింది. వచ్చే వారం మళ్ళీ కనబడితేనే ఖాయం."

"పేరు పెట్టారా?"

"ఖాయమయ్యాక పెడతారు. శని చుట్టూ ఇలాంటి చిన్న చంద్రుళ్ళకి పాత కథల్లో రాక్షసుల పేర్లు పెట్టడం ఆనవాయితీ."

భారీ విగ్రహమైన మేయర్ గారు కాలరు సర్దుకున్నారు. "రాక్షసుడంటే భారీ మనిషనేగా అర్థం?"

"అక్కడ నీళ్ళుంటాయాండీ?" అని నేనడిగాను. కొండమీద కాపురం ఉండేవాడికి ఇంకో ప్రశ్న తోచదు.

"శని వలయాల్లో ఉన్నదంతా దాదాపు మంచుముక్కలే. దీన్లోనూ మంచు ఉండొచ్చు."

ఆవిడ 'ఉండొచ్చు' అన్నదాన్ని 'ఉంది' చేయడానికే నాకు జీతమిస్తారు. మంచుని మంచినీటి సముద్రం చేయడం మాత్రం నా సొంత ప్రతిభ. నా ప్రకటనని పత్రికలవాళ్ళు అక్షరం మార్చకుండా వేశారు.

మర్నాడు పురపాలక సంఘం అత్యవసర సమావేశం జరిగింది. మన ఊరి ఆకాశంలో కనబడింది మన ఊరిదేనని, చంద్రుణ్ణి ఊళ్ళో కొత్త పేటగా కలుపుకోవాలని మేయర్ గారు ప్రతిపాదించారు.

"అది శనిది కదండీ?" అన్నాడొక సభ్యుడు.

"శని మనకి ఇంటిపన్ను కడుతోందా?"

లేదని సభ్యుడు ఒప్పుకున్నాడు. తీర్మానం ఏకగ్రీవం, మేడమీంచి ప్రకటన ఆ సాయంత్రానికే ఖాయం. అయితే మా దేశంలో ప్రతి పేటకీ ఒక నివాసుల సంఘం ఉండాలి, సంఘానికి అధ్యక్షుడుండాలి. అందరూ తలలు దించుకున్నారు. దించుకోవడం నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది.

"ప్రెసిడెంటువా? ఎక్కడికి?" అంది నేను ఇంటికెళ్ళగానే ఓరియానా.

"చంద్రుడి పేటకి."

"జనం ఎంతమందట?"

"ప్రస్తుతానికి నేనొక్కణ్ణే."

"పోనీలే, ఎదురుతిరిగేవాళ్ళు లేరు. ప్రెసిడెంటు గారూ, పోయి ఆ డ్రమ్ముకి మూతపెట్టి రండి, పిల్లి తాగేస్తోంది."

ఆ మరుసటి వారం చంద్రోత్సవం. చౌకులో ఇనుపకమ్మీలతో శనిగ్రహాన్నీ, దాని వలయాలనీ కట్టి, చుట్టూ ఫ్లడ్‌లైట్లు పెట్టించారు మేయర్ గారు. చంద్రుడి గౌరవార్థం ఊళ్ళో వీధిదీపాలన్నిటినీ ఆకాశంవైపు తిప్పించారు. రోజూ వేడివేడి ఎంపనాడాలు అనే మాంసం కజ్జికాయలు, బ్యాండు, జేబురుమాళ్ళు ఊపుతూ నాట్యాలు. ఆ వారమంతా డాక్టర్ మిలెన్కా ఫోన్ చేస్తూనే ఉంది. అభినందించడానికేమో అనుకుని, తీరిక దొరకగానే మాట్లాడతామని చెప్పాను.

ఉత్సవం కబురు రాజధాని దాకా పోయింది. కరువు శాఖ నుంచి ఉల్యోవా అనే అధికారి నా ప్రకటన పట్టుకుని వచ్చాడు.

"ఈ పేట మీ ఊరిదేనా?"

"ముమ్మాటికీ మాదే!" అన్నారు మేయర్ గారు.

"ఇందులో సముద్రమంత నీళ్ళున్నాయని రాశారు. మంచినీళ్ళేనా?"

మేయర్ గారు నావైపు చూశారు. అప్పటికి నవంబరు వచ్చేసింది. "మంచినీళ్ళేనండి, తియ్యగా ఉంటాయి" అన్నాను.

"అలాంటప్పుడు మీది కరువు ప్రాంతం ఎలా అవుతుందండీ? పేటలన్నిటికీ సగటు కడితే మీ ఊళ్ళో ఉన్నన్ని నీళ్ళు దేశంలో ఎవరికీ లేవు!"

ఆయన లేచి మేయర్ గారికి షేక్‌హ్యాండిచ్చాడు. మా ఊరికి కరువు ఎత్తేశారు. ఒక్క చినుకు పడకుండా కరువు తీర్చిన మేయర్ చరిత్రలో మా మేయరొక్కరేనని ఆ సాయంత్రం రాశాను.

మంగళవారం ట్యాంకరు రాలేదు.

రెండిళ్ళవతల దోమిటీలా పిన్ని ఖాళీ బకెట్టుతో మా గుమ్మంలోకి వచ్చింది. ఆమె భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు.

"ఒరేయ్ నిబాల్దో, నీ చంద్రుడిమీద నీళ్ళే నీళ్ళటగా? ఓ బకెట్టు ఇప్పించరా నాయనా. మీ బాబాయికి ఒళ్ళు తుడిచి మూడ్రోజులైంది. ఇల్లంతా వాసన."

"అది చాలా దూరం పిన్నీ."

"కొండకింద కుళాయీ దూరమేరా. మోకాళ్ళు పోయినదానికి రెండూ ఒకటే."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కొండమీది ఆడవాళ్ళంతా డబ్బాలు పట్టుకుని కిందికీ పైకీ నడుస్తున్నారు, వాళ్ళని నడిపిస్తున్నది నా ప్రకటన. లోపలికెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను.

"ఏడవకు. ఒంట్లో ఉన్న నీళ్ళైనా దాచుకో. పోయి ఆ మేయర్‌తో మాట్లాడు" అంది ఓరియానా.

వెళ్ళాను. "అయ్యా, ఆ చంద్రుణ్ణి వదులుకుందామండీ. కొండమీద జనం అల్లాడిపోతున్నారు."

"ఎన్నికలు ముందు పెట్టుకుని భూభాగం వదులుకోమంటావా? ఇంతకీ నీ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందోయ్?"

"డిసెంబరు దాకానండీ."

"చంద్రుడు బాగున్నాడా?"

"బ్రహ్మాండంగా ఉన్నాడండీ."

బయటికొచ్చి నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ తిట్లు మేయర్ గారి ముందు ఒక్కటీ రాలేదు. నేరుగా పర్వతమెక్కి, చంద్రుడు లేడని ఒక్కమాట చెప్పమంటూ డాక్టర్ మిలెన్కా కాళ్ళమీద పడ్డాను.

"చంద్రుడా!" అంది ఆవిడ మండిపడుతూ. "అది మళ్ళీ కనబడాల్సిన వారమంతా మీ దీపాలు మా ఆకాశాన్ని తెల్లగా కడిగేశాయి. ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలీదు. తప్పిపోయింది."

"అంటే లేనట్టేనా?"

"మా లెక్కలో లేనట్టే."

ఆనందం పట్టలేక ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నాను. చంద్రుణ్ణి పోగొట్టుకున్న మనిషి, పాపం, నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"మేయర్ గారూ! మన పేట పోయిందండీ!"

ఆయన కుర్చీలోనే కూలిపోతారనుకున్నాను. కాలరు సర్దుకుని లేచి నిలబడ్డారు.

"ఒక పేట. మొత్తానికి మొత్తం. భూకంపమొస్తే రాళ్ళూరప్పలైనా మిగులుతాయి, నిబాల్దో. దీనికి అవీ లేవు. ఇంత పెద్ద విపత్తు ఏ మేయర్‌కైనా దక్కిందా?"

రాజధానికి ఫోన్ వెళ్ళింది. విపత్తు ప్రకటించారు. తీరిన కరువుని మళ్ళీ తెప్పిస్తే అప్రతిష్ఠ కాబట్టి కరువు మాట ఎవరూ ఎత్తలేదు. చంద్రుడి పేట బాధితులకి మాత్రం వెంటనే నెలరోజులపాటు ట్యాంకరు నీళ్ళు మంజూరయ్యాయి.

అధ్యక్షుడి ఇల్లు మాదే గనక ట్యాంకరు మా గుమ్మం ముందే ఆగింది. డ్రైవరు దిగి, "చంద్రుడి పేటవాళ్ళెవరు? వాళ్ళకి తప్ప చుక్క పొయ్యొద్దన్నారు" అన్నాడు.

కొండంతా బకెట్లతో నా వెనకే నిలబడి ఉంది. నేను చట్టప్రకారం ఏదో వివరించబోయాను.

"మేమే. అందరం" అంది ఓరియానా.

"ఇంతమందా? అక్కణ్ణించి ఎలా వచ్చారమ్మా?"

"ఎలా ఏముంది బాబూ, బకెట్లు మోసుకుంటూ నడిచొచ్చాం. మాకలవాటే" అంది దోమిటీలా పిన్ని.

డ్రైవరు ఆమె కాళ్ళవంక చూశాడు. గొట్టం విప్పాడు.

అలా కొండమీదివాళ్ళంతా చంద్రుడి బాధితులుగా నమోదయ్యారు. ఒక్క ప్రాణం పోకుండా అందరినీ కాపాడిన మేయర్ గురించి నేను పేజీన్నర రాశాను. అందరూ చంద్రుడివాళ్ళే కాబట్టి మిరడోర్ కొండమీద ఇప్పుడు మనుషులే లేరని, అందుచేత అక్కడ నీటికొరత శాశ్వతంగా తీరిపోయిందని మేయర్ గారు ఇంకో ప్రకటన చేయించారు. అదీ నేనే రాశాను.

నెల తిరిగేసరికి ఉల్యోవా మళ్ళీ వచ్చాడు. సహాయం గడువు ముగిసిందని, రేపటినుంచి ట్యాంకరు రాదని, బాధితులు తమ స్వస్థలానికి తిరిగి వెళ్ళాలని చెప్పాడు. వెళ్ళడానికి ప్రభుత్వం ఖర్చుతో బస్సు కూడా ఏర్పాటు చేశాడు.

వీడ్కోలు సభ చౌకులో జరిగింది. సొంత గడ్డమీద మమకారం గురించి నేను రాసిన ఉపన్యాసం చదువుతూ మేయర్ గారు రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు. మా కొండ జనం ఖాళీ బకెట్లు, సబ్బులు, మాసిన బట్టల మూటలతో బస్సెక్కారు. దోమిటీలా పిన్ని మొగుణ్ణి నలుగురు కుర్చీతోపాటు ఎత్తి కూచోబెట్టారు. బ్యాండు మోగింది.

"ఎటు పోనివ్వాలండీ?" అని డ్రైవరు కిటికీలోంచి నన్నడిగాడు.

నేను మేయర్ గారివైపు చూశాను. ఆయన జేబురుమాలు ఊపుతున్నారు.

"మేయర్ గారింటికి పోనీ బాబూ" అంది ఓరియానా లోపల్నించి. "పెరట్లో ఈతకొలనుంది. నిండా నీళ్ళు."

నేను ఎక్కలేదు. ప్రకటన రాయాలి కదా. నా మాసిన చొక్కాలు రెండు మాత్రం కిటికీలోంచి ఓరియానాకి అందించాను.

బాధితులందరూ క్షేమంగా స్వస్థలం చేరుకున్నారని, అక్కడ పుష్కలంగా ఉన్న నీళ్ళలో తనివితీరా స్నానాలు చేస్తున్నారని ఆ మధ్యాహ్నమే రాసి తీసుకెళ్ళాను. మేయర్ గారు చదివి చాలా సంతోషించారు. సంతకం పెట్టి, జనవరిలో నన్ను ఉంచేస్తానని మాటిచ్చి, ఎండ మండిపోతోంది, ఇంటికెళ్ళి కాస్సేపు ఈత కొడతానని బయల్దేరారు.