అక్క గొంతుకూ కంప్యూటర్‌కూ మధ్య డబ్బా

మనిషి గొంతులోంచి వచ్చిన పాట నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్లడం అనాగరికం. ఈ విషయంలో నాగరిక ప్రపంచానికి రెండో అభిప్రాయం లేదు. పాటకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక డబ్బా ఉండి తీరాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఒక పక్క మైకు తీగ దూర్చి, రెండో పక్క తీగను కంప్యూటర్‌కు తగిలిస్తే, గాలిలో ఉన్న గొంతును అంకెలుగా మార్చి అది లోపలికి పంపుతుంది. ముందువైపు రెండు నాబ్‌లూ (తిప్పుకోవడానికి), ఒక పచ్చదీపమూ (చూసి సంతోషించడానికి) ఉంటాయి. ఆ డబ్బా లేకుండానే పాడినవాళ్లు పూర్వం ఉండేవారని అంటారు గానీ, వాళ్లు పాడారనడానికి తగిన నాణ్యతలో ఆధారాలు లేవు.

ఈ సత్యం కళ్లజోళ్లాయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. పగలంతా బజారులో కళ్లద్దాల షాపు నడిపి, సెలవు రోజుల్లో ఇంటి వెనక గదిలో కీబోర్డు ముందు కూర్చుని, కంప్యూటర్ వాయించే డప్పుల మీద తన బాణీలు పేర్చుకునే మనిషి ఆయన. చాలా బాణీలు కట్టాడు. వాటిలో ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మిగతావి బాగాలేవని ఆయన భార్యకూ తెలుసు. ఆ బాణీకి ఒక గొంతు కావాలి. ఆ గొంతు అక్కది.

అక్క బస్టాండులో అనౌన్సరు. ఊళ్లో ఆవిడ గొంతు తెలియనివాళ్లు లేరు, మొహం తెలిసినవాళ్లు పదిమంది ఉండరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో గాజు గదిలో కూర్చుని స్వయంగా చెప్పేది. ఒక్క ప్రకటన మాత్రం చెప్పేది కాదు. "బస్సు ఆలస్యంగా నడుస్తున్నది, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న మాట రోజుకు లెక్కలేనన్నిసార్లు అవసరం పడుతుండటంతో, ఆవిడ గొంతు అరిగిపోతుందన్న దయతో సంస్థ దాన్ని ఎప్పుడో ఒకసారి రికార్డు చేసి, మీట నొక్కితే వచ్చేలా పెట్టుకుంది. (చింత ఒకసారి పడితే చాలు, ప్రతిసారీ కొత్తగా పడనక్కర్లేదని సంస్థ విధానం.)

అంత దయ చూపినా గొంతు అరిగింది. లోపల కండ పెరిగిందనీ, కోసి తీసేయాలనీ డాక్టరు చెప్పాడు. మాటకు ఢోకా లేదు, పాట సంగతి మాత్రం తాను చెప్పలేనన్నాడు.

"ఒరే, ఆపరేషన్‌కి వెళ్లేలోపు నీ పాట పాడి పెట్టేస్తాను. ఫోన్ ఇలా పట్టుకో, ఇప్పుడే పాడేస్తా" అంది అక్క.

"ఫోన్లోనా? అక్కా, నీ గొంతుకంటూ ఒక మర్యాద ఉండక్కర్లేదా?"

"మర్యాద సరే. గొంతే ఉండదేమోనని కదరా నా ఏడుపు!"

చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా తమ్ముడు జడుసుకోకుండా ఈ గొంతే చీకట్లో పాడుతూ కూర్చునేది. కళ్లజోళ్లాయనకు లోకంలో ఆ గొంతు కంటే ఇష్టమైనది లేదు. అంత ఇష్టమైనదాన్ని ఫోన్లో పట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. మంచి డబ్బా కొంటానని మాటిచ్చాడు. ఏది మంచిదో కనుక్కోవడానికి గృహ ధ్వని ముద్రాపకుల సమాఖ్య అనే ఫోన్ గ్రూపులో చేరాడు.

సమాఖ్యకు పెద్ద ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ను చెవిగారు అంటారు. ఆయన పాట విన్నవాళ్లు లేరు, ఆయన డబ్బాలు చూడనివాళ్లూ లేరు. సమాఖ్య మొదటి నియమం ప్రకారం, కొత్త సభ్యుడు తనకు నచ్చిన డబ్బా కొనకూడదు. రెండో నియమం ప్రకారం, సమాఖ్యకు నచ్చిన డబ్బా ఇప్పుడు కొనకూడదు, ఎందుకంటే త్వరలో దాని కొత్త మోడల్ వస్తుంది. కొత్త మోడల్ వచ్చాక పాతదే నయమని తీర్మానించడం మూడో నియమం. అప్పటికి పాతది దొరకదు.

"మైకు పెట్టుకోవడానికి ఎన్ని రంధ్రాలు కావాలి మీకు?" అని చెవిగారు విచారణ మొదలుపెట్టాడు.

"ఒకటి చాలండీ. మా అక్క ఒక్కతే పాడుతుంది."

"రేపు డ్రమ్స్ వాయించేవాళ్లు వస్తే?"

"మా ఇంటికి డ్రమ్స్ వాయించేవాళ్లెవరూ రారండీ."

"అందుకే రావట్లేదు" అన్నాడు చెవిగారు.

ఆ తర్వాత పోలిక వీడియోల పర్వం నడిచింది. గడ్డం పెంచిన నిపుణుడొకాయన ఒకే వాక్యాన్ని డబ్బా మార్చి డబ్బాలో చెప్పి, తేడా మీకే తెలుస్తోంది కదా అని నవ్వాడు. కళ్లజోళ్లాయనకు అన్నీ ఒకేలా వినిపించాయి. అది చెవుల లోపమని కింద వ్యాఖ్యల్లో రుజువైంది. దాంతో చెవులకు మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాడు. ఇప్పుడు కూడా అన్నీ ఒకేలా వినిపించాయి గానీ, ఎంతో స్పష్టంగా ఒకేలా వినిపించాయి.

ఇదంతా చూసి భార్యకు చిర్రెత్తుకొచ్చింది.

"షాపుకొచ్చిన పెద్దాయన కళ్ల ముందు రెండు అద్దాలు మార్చి మార్చి పెడతారు. ఇది బాగుందా అది బాగుందా అంటారు. ఆయన రెండూ ఒకటేనంటే, అయితే ఇదే తీసుకోండని ఒకటి చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ పనేదో మీకు మీరే చేసుకోవచ్చుగా?"

"అది చూపు. ఇది ధ్వని" అన్నాడాయన.

ఇంత చదువుకున్న జవాబుకు ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు.

చివరికి ఆపరేషన్ తేదీ పీకల మీదికి వచ్చాక, సమాఖ్య ఆమోదించిన డబ్బా దిగింది. దానికి ప్రాణం పోయాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం కావాలి. డ్రైవర్ కావాలంటే కంపెనీవాళ్ల దగ్గర ఖాతా తెరవాలి. ఖాతాకు పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక విచిత్రమైన గుర్తు ఉండాలి. ఆయన మనిషేనని నమ్మకం కుదరడానికి బొమ్మల్లో సైకిళ్లున్న గళ్లన్నీ ఏరి చూపాలి. సైకిల్ తొక్కుతున్నవాడి మోకాలు సైకిల్ కిందికి వస్తుందా రాదా అన్న దగ్గర కళ్లజోళ్లాయన రెండుసార్లు మనిషి కాకుండా పోయాడు. మూడోసారి కనికరించి లోపలికి రానిచ్చారు. తీరా డ్రైవర్ దిగాక, డబ్బాలోని ప్రోగ్రాం పాతదనీ, ముందు దాన్ని కొత్తది చేసుకోవాలనీ చెప్పింది. కొత్తది చేశాక డ్రైవర్ పాతదైపోయింది. ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు.

"డబ్బా మీద పచ్చదీపం వెలుగుతోందా సార్?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"వెలుగుతోందమ్మా. అదొక్కటే పనిచేస్తోంది."

"అయితే మా వైపు సమస్య లేదు సార్. మీ కంప్యూటర్ కంపెనీవాళ్లని అడగండి."

కంప్యూటర్ కంపెనీవాళ్లు దీపం రంగు అడిగారు. పచ్చ అని తెలిశాక, అయితే వాళ్లనే అడగండన్నారు. (రెండు సంస్థల మధ్య ఏకాభిప్రాయం ఇంత గట్టిగా ఉన్న సందర్భం మరొకటి కనిపించదు.)

ఎలాగైతేనేం, డ్రైవర్ ఎక్కిందనిపించుకున్నాడు. రేపు ఆపరేషన్ అనగా సాయంత్రం పూట అక్క వచ్చింది. అప్పటికే సమాఖ్య సూచనల ప్రకారం గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఫ్యాను ఆపారు. వంటింట్లో ఫ్రిజ్ ఆపారు. గోడ గడియారం బ్యాటరీ పీకారు. అక్క చెమటలు కక్కుతూ మైకు ముందు నిలబడి, "కాస్త ఊపిరాడనిస్తావా, లేక అదీ చప్పుడేనా?" అని అడిగింది.

"పాట మధ్యలో మాత్రం వద్దక్కా."

అక్క పాడింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ గొంతు చెవి పక్కనే పలికినట్టు వినిపించింది. పై స్వరం దగ్గర కొంచెం వణికి, వణుకును సర్దుకుని నిలబడింది. కళ్లజోళ్లాయనకు కళ్లు చెమ్మగిల్లాయి. పాట అయ్యాక అక్క గొంతు పట్టుకుని కూర్చుండిపోయింది. ఇంకోసారి పాడలేనని చేత్తోనే చెప్పింది. అక్కర్లేదక్కా, అద్భుతంగా వచ్చిందన్నాడు తమ్ముడు. నిజంగానే వచ్చింది. వెనకాల ఏదో సన్నగా గుయ్‌మంటోంది గానీ గొంతు గొంతే.

అక్కను సాగనంపి పాటను గ్రూపులో పెట్టాడు. సమాఖ్య పులకించిపోయింది. డబ్బా తెచ్చిన వెచ్చదనం చూశారా అని ఒకరు, మామూలు మైకుల్లో ఈ లోతు కలలో కూడా రాదని మరొకరు మెచ్చుకున్నారు. చెవిగారు స్వయంగా వచ్చి, ఇదీ డబ్బా అంటే అని ముగించి, నలుగురికీ పాఠంగా ఉంటుంది, మీ సెట్టింగుల ఫొటో పెట్టమన్నాడు.

కళ్లజోళ్లాయన ఫొటో పెట్టాడు. అందులో ఇన్‌పుట్ అన్నచోట డబ్బా పేరు లేదు. లాప్‌టాప్ సొంత మైకు పేరు ఉంది.

జరిగింది చాలా సులువైన సంగతి. హెడ్‌ఫోన్స్‌ను డబ్బాకే తగిలించాడు కాబట్టి, మైకులో పడ్డ గొంతును డబ్బా నేరుగా ఆయన చెవికి చేరవేసింది. అది చెవిలో వినపడింది కదా అని, కంప్యూటర్ కూడా అదే వింటోందనుకున్నాడు. కంప్యూటర్ మాత్రం తన మూత అంచున ఉన్న గింజంత రంధ్రంలోంచి, ఎవరి సాయమూ లేకుండా, అక్క పాటను విని రాసుకుంది. ఆ గుయ్‌మనే చప్పుడు దాని లోపలి ఫ్యాను ఊపిరే.

సమాఖ్య ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది. తర్వాత సభ్యులకు ఒక్కొక్కరికే ఆ పాట రేకు డబ్బాలో పాడినట్టు వినిపించడం మొదలైంది. వెచ్చదనం అన్నాయన తలనొప్పి వచ్చిందన్నాడు. సభ్యుల చెవుల ఆరోగ్యం దృష్ట్యా అడ్మిన్ హోదాలో చెవిగారు ఆ పాటను గ్రూపులోంచి అందరికీ చెరిపేశాడు. డబ్బాలోంచి రానిది రికార్డింగే కాదు, దాన్ని దగ్గర ఉంచుకుంటే చెవి దానికే అలవాటు పడిపోతుంది, తీసేసి మళ్లీ మొదలుపెట్టండని విడిగా సలహా ఇచ్చాడు.

"ఉంటే ఏం పోయిందండీ, ఓ మూల పడుంటుంది" అంది భార్య.

"రేపు అక్కకి నయమయ్యాక దీన్ని వింటే నా పరువేం కాను?" అంటూ మీట నొక్కాడు కళ్లజోళ్లాయన. నిజంగా చెరిపేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవునన్నాడు. ఇంతకాలంలో దానికి ఆయన తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.

ఆపరేషన్ విజయవంతమైంది. డాక్టరు తన మాట నిలబెట్టుకున్నాడు. మాట వచ్చింది, పాట రాలేదు. నయమయ్యాక అక్క మళ్లీ ఆ దుప్పట్ల గదిలో నిలబడి నోరు తెరిచింది. ఈసారి ఇన్‌పుట్ సరిగ్గా ఉంది, డ్రైవర్ కొత్తగా ఉంది, దీపం పచ్చగా ఉంది. పై స్వరం దగ్గర గొంతు పెగల్లేదు. గాలి మాత్రం వచ్చింది. రెండోసారి ప్రయత్నించి, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"మొన్న పాడింది ఉందిగా, అది వాడుకోరా" అంది బొంగురుగా.

తమ్ముడు లాప్‌టాప్ మూత మెల్లగా మూశాడు. అక్కకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి రికార్డింగ్‌లో అక్క పాడలేకపోయిన చోట మిగిలిన నిశ్శబ్దాన్ని గ్రూపులో పెడితే, ఇంత శుభ్రమైన నిశ్శబ్దం సమాఖ్య చరిత్రలో లేదని చెవిగారు మెచ్చుకున్నాడు.

బొంగురు గొంతుతో బస్సులను పిలవలేరు కాబట్టి అక్కను పాసులిచ్చే కిటికీకి మార్చారు. ప్రకటనలకు యంత్రాన్ని తెప్పించారు. ప్రారంభోత్సవం మర్నాడు సాయంత్రమేననీ, ఆనాటితో పాత సామగ్రి తుక్కు కింద పోతుందనీ అక్కే మాటల మధ్య చెప్పింది. కళ్లజోళ్లాయన ఉలిక్కిపడ్డాడు. ఆ పాత సామగ్రిలో, చింతిస్తున్నామనే మీట వెనకాల, అక్క పాత గొంతు ఇంకా ఉంది! లోకంలో మిగిలింది ఆ ఒక్కటే. అది కాపీ చేసి ఇమ్మని స్టేషన్ మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాడు.

"చింత సంస్థది. బయటివాళ్లకి ఇవ్వడం కుదరదు" అన్నాడు మేనేజరు. "కావాలంటే ప్రయాణికుల్లాగే వినండి."

మర్నాడు కళ్లజోళ్లాయన షాపు మూసేసి, పొద్దున్నే బస్టాండుకు వెళ్లి లౌడ్‌స్పీకరు కింద బెంచీ మీద సామాను పరిచాడు. లాప్‌టాప్, డబ్బా, స్టాండుకు బిగించిన మైకు. ఇన్‌పుట్ పేరు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. కంప్యూటర్ వింటోందా లేదా అని పొయ్యేవాణ్నీ వచ్చేవాణ్నీ మాట్లాడించి మరీ చూసుకున్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి అంతా సవ్యంగా ఉంది. పాసుల కిటికీలోంచి అక్క ఆయన్నే చూస్తోంది. "పాట కాకపోతే పోనీరా, నా గొంతైనా ఉంటుంది" అని పొద్దున టీ తెచ్చిచ్చి వెళ్లింది. రోజూ ప్రతి బస్సుకూ మోగే ఆ మాట కోసం కళ్లు పైకెత్తి కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. సన్నాయిలతో సంస్థ ఛైర్మన్ వచ్చి కొత్త యంత్రానికి రిబ్బను కత్తిరించాడు. ఆయన వస్తున్నాడని అన్ని డిపోలకూ గట్టి ఆదేశాలు వెళ్లడం వల్ల, ఆ రోజు బస్సులన్నీ వేళకే వచ్చాయి. పొద్దుటి నుంచి సంస్థ దేనికీ చింతించలేదు.